విప్పకముందే చెప్పిన మాట

నర్సంపేట చుట్టుపక్కల ట్రాక్టర్ ఉన్న ఏ ఇంట్లోనూ మెకానిక్ యాకయ్య పేరు తెలియని వాళ్లు లేరు. అతను బండిని విప్పేది తర్వాత, ముందు వినేవాడు. ఇంజన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను గేరుబాక్సు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. చుట్టూ చేరిన జనం బీడీలు తాగడం కూడా మరిచిపోయి అతని మొహం చూసేవాళ్లు. అతను కళ్లు తెరిచి రోగం పేరు చెప్పేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది.

ఆ వానాకాలం మొగిలయ్య పటేల్ ఇంట్లోనూ అట్లాగే చెప్పాడు.

మొగిలయ్య పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఎడ్లను అమ్మి పాత ఎర్ర ట్రాక్టర్ కొన్నాడు. తనకు నడపరాదు. రాయమల్లును డ్రైవరుగా పెట్టుకున్నాడు. మరుసటి ఏడు సరిగ్గా నాట్లకు పొలాలు దమ్ము చేసే వేళకు బండి మొరాయించింది. గేరు వేయబోతే గరగరమని అరుపు. బలవంతంగా వేస్తే, చక్రం ఒక చుట్టు తిరగకముందే రాడ్డు ఎగిరి బయటికి వచ్చేది.

యాకయ్య విన్నాడు. కళ్లు తెరిచాడు.

"క్లచ్ నిండ తొక్కకుండ గేర్లు ఏసిండు పటేలా. గేర్ల పండ్లు ఇరిగినయ్."

రాయమల్లు మడ్గార్డు పట్టుకుని నిలబడ్డాడు. "యాకన్నా, జర ఇప్పి చూసి చెప్పరాదే?"

"నా చెవి అబద్ధమాడతదారా తమ్మీ?"

జనం నవ్వారు. యాకయ్యా నవ్వాడు. మొగిలయ్య నవ్వలేదు. చెయ్యి చాపి రాయమల్లు దగ్గర తాళంచెవి తీసుకున్నాడు.

"రేపటి సంది రాకు. తొర్రూరు నుంచి ఇంకోణ్ని తెచ్చుకుంట."

మర్నాడు పొద్దున యాకయ్య గోనెసంచి పరుచుకుని బండి కింద దూరాడు. అడుగు బిరడా విప్పగానే నల్లగా జారాల్సిన నూనె మజ్జిగలా తెల్లగా కారింది.

"సూసినవా?" అన్నాడు మొగిలయ్య. "బురదల ముంచిండు లంగగాడు. నీళ్లు లోపలిదాక పోయినయ్."

యాకయ్యకు ప్రాణం కొంచెం తేలిక పడింది. రాయమల్లు మీద ఇంకో తప్పు దొరికింది. ఆ తేలికదనం ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

పైమూత ఎత్తి పక్కన పెట్టాడు. డీజిల్‌లో తడిపిన గుడ్డతో ఒక్కో గేరు తుడిచాడు. ఒక్క పన్ను విరగలేదు. అంచులు కూడా అరగలేదు. గుడ్డ మార్చి మళ్లీ తుడిచాడు, ఎక్కడైనా ఒక్కటి విరిగి ఉంటే బాగుండునని వెతుకుతున్నట్టు. పళ్ల సందుల్లో మాత్రం పసుపుపచ్చని మడ్డి గట్టిపడి ఉంది. అది అడ్డం పడి గేర్లు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కూర్చోవడం లేదు. గోటితో గీకి వాసన చూశాడు. పసుపు. కింద వేళ్లతో దేవితే తెల్లటి పెచ్చులు చేతికొచ్చాయి.

గుడ్డు పెంకులు.

నిన్న ఇంజన్ ఆపి గేరు రాడ్డును ఒకసారి చేత్తో కదిపి చూసినా తెలిసేది. ఆగిన బండిలో కూడా గేరు పడకపోతే క్లచ్ మీద, డ్రైవరు మీద వేలు చూపే పనే లేదు. చిటికెలో అయ్యే పని. జనం చూస్తున్నారని చేయలేదు.

మొగిలయ్య తల్లి బక్కమ్మ చాయ గ్లాసు తెచ్చి, అతని అరచేతిలోకి వంగి చూసింది.

"ఇంక అరగలేదా బిడ్డా?"

"ఏందవ్వా?"

"ఏరువాక పున్నం నాడు తాపిన గుడ్లు."

మొగిలయ్య లేచి నిలబడ్డాడు. "ఏం తాపినవే?"

"గుడ్లు, నువ్వుల నూనె, పసుపు, ఇంత గంజి. ఎడ్లకు తాపినట్టే బొంగు పెట్టి తాపిన. గీ మూతిల రాయమల్లు నూనె పోస్తుంటె చూసిన గదా." ముసలామె కొడుకు వైపు తిరిగింది. "ఎడ్లనైతే అమ్ముకుంటివి. దున్నేటి దానికి పండుగ నాడు కడుపుల ఇంత పడొద్దా? కొమ్ములకు రంగేద్దమంటే కొమ్ములే లేకపాయె."

యాకయ్యకు నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే.

మొగిలయ్య తల్లిని లోపలికి పంపి, గొంతు తగ్గించాడు. "మా అవ్వ ట్రాక్టర్‌కు గుడ్లు తాపిందంటె ఊరంత నవ్వుతది యాకయ్యా. నీళ్లు పోయినయని చెప్దాం. రాయమల్లును మల్ల పనిల పెట్టుకుంట. వానికి బువ్వ దొరుకుతది, నీ మాట నిలబడ్తది. ఎవలకేం నష్టం?"

యాకయ్య తల ఊపాడు. ఊపిన తర్వాత గాని తెలియలేదు, ఆ మాట కోసమే తాను ఎదురుచూస్తున్నాడని. గేర్లను డీజిల్‌లో నానబెట్టి, రాయమల్లును తానే పోయి తీసుకొస్తానని బస్సు స్టేజీ వైపు నడిచాడు.

ఉప్పలయ్య చాయ హోటల్ ముందు రాయమల్లు ఇనప పెట్టె మీద కూర్చున్నాడు. భార్య మల్లక్క బట్టల మూట ఒళ్లో పెట్టుకుంది. ములుగు బస్సు కోసం చూస్తున్నారు. అక్కడ మల్లక్క అన్న కలప లారీలకు దుంగలు ఎత్తే కూలి. తొర్రూరులో డ్రైవరు పని ఇస్తానన్న ఆసామి పొద్దున్నే వెనక్కి తగ్గాడట. యాకయ్య చెప్పాక ఇంకెవరు తాళంచెవి చేతికిస్తారు?

మల్లక్క అతన్ని ముందు చూసింది. "ఏందన్నా, గా స్క్రూడ్రైవర్ తేలేదా? మా ఆయన గుండె మీద పెట్టి విను. ఏం ఇరిగిందో చెప్పు."

యాకయ్య ఆమె వైపు చూడలేకపోయాడు. "తమ్మీ, పటేల్ పిలుస్తాండు. పనిలకు రమ్మంటాండు."

రాయమల్లు లేవలేదు. "పండ్లు ఇరిగినయా?"

పొయ్యి దగ్గర నుంచి ఉప్పలయ్య కేకేశాడు. "అవునే యాకన్నా, ఎన్ని పోయినయ్?"

బెంచీల మీద నిన్నటి మొహాలే. నిన్న నవ్విన వాళ్లే. నీళ్లు పోయాయి అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు, గంజిలో ఉన్నది నీళ్లే కదా. యాకయ్య నాలుక మీదికి ఆ మాట వచ్చింది. రాయమల్లు చేతులు పెట్టె గొళ్లాన్ని పట్టుకుని ఉన్నాయి. క్లచ్ నిండా తొక్కుతావా లేదా అని ఆ మనిషిని ఎవరూ అడగలేదు.

"ఒక్కటి పోలే," అన్నాడు యాకయ్య.

బెంచీల వైపు తిరిగాడు. మళ్లీ అన్నాడు. "ఒక్క పన్ను గూడ పోలే. గేర్లల్ల మడ్డి గట్టింది, గంతే. నేనే ఇప్పకుండ చెప్పిన. రాయమల్లు తప్పేం లేదు."

"మరి మడ్డెట్ల వచ్చిందే?"

"పాత బండి. వస్తది."

"అరె, ఇగ యాకన్న చెవినే షెడ్డుకు తోలాలె!" అన్నారెవరో. బెంచీలు కదిలేలా నవ్వారు. యాకయ్య అక్కడే నిలబడ్డాడు. చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు.

బస్సు వచ్చింది. కండక్టర్ ములుగు, ములుగు అని అరిచాడు. మల్లక్క మొగుడి మొహం చూసింది. రాయమల్లు కదలలేదు. బస్సు వెళ్లిపోయింది.

"రాత్రి మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే యాకన్నా," అన్నాడు మెల్లగా. కోపం లేదు ఆ గొంతులో. యాకయ్య పెట్టె అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, తానే భుజానికెత్తుకున్నాడు.

సాయంత్రానికి గేర్లు కడిగి, కొత్త నూనె పోసి, మూత బిగించారు. రాయమల్లు సీటెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. మడ్గార్డు మీదున్న పనిముట్ల సంచిలో నుంచి స్క్రూడ్రైవర్ తీసి యాకయ్యకు అందించాడు.

"విను."

యాకయ్య తీసుకుని కింద పెట్టాడు. "నువ్వే చెప్పు తమ్మీ."

రాయమల్లు క్లచ్‌ను అడుగంటా తొక్కాడు. ఒకటో గేరు, రెండో గేరు, మూడో గేరు. అప్పుడే వచ్చిన మొగిలయ్యతో సహా అందరూ చూస్తుండగా మళ్లీ మొదటి నుంచి వేశాడు. ఇంజన్ ఆపాడు.

"మూడోది జర పట్టినట్టున్నదే."

యాకయ్య చెవికి అంతా బాగానే ఉంది. మూడో గేరులో ఏ తేడా వినిపించలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతను పానా తీసుకుని, ఇప్పుడే బిగించిన మూత బోల్టులను వదులు చేయడం మొదలుపెట్టాడు.

గడపలో నుంచి బక్కమ్మ అడిగింది. "మల్ల ఏమైందిరా బిడ్డా?"

"చూసి చెప్త అవ్వా," అన్నాడు యాకయ్య.