పచ్చ స్టిక్కర్

నిమ్మకాయ పిండుతుంటే మా ఆయన నిరంజన్ వంటింట్లోకి వచ్చి నా ముఖం మీద "హా" అని ఊదాడు. "చూడు, వస్తుందా?"

పన్నెండేళ్లుగా ఇదీ నా పొద్దుటి పనుల్లో ఒకటి. వాకిలి ఊడ్చినట్టు, సద్ది కట్టినట్టు, ఆయన నోటి వాసన చూడాలి. నిమ్మనీళ్లు, పుల్లటి మజ్జిగ, సోంపు, అన్నీ నా చేతి మీదుగానే. లేవలేని రోజు మేస్త్రీకి ఫోన్ చేసి జ్వరమని చెప్పేదీ నేనే. "మొగోడన్నంక తాగుతడు. ఇంటిది కడుపుల దాసుకోవాలె" అంటుంది మా అత్త. అన్నీ దాచుకుంటే ఆ కడుపులో అన్నానికి చోటెక్కడుంటుందో ఎప్పుడూ చెప్పలేదు.

మేమిద్దరం కొత్తకోట దగ్గర హైవే పక్కన లేస్తున్న ఐదంతస్తుల బిల్డింగులో పనిచేస్తాం. ఆయన సిమెంటు మాల్ పైకెత్తే లిఫ్టు నడుపుతాడు. నేను కింద దాని తొట్టి నింపుతాను. మూడు నెలల క్రితం గేటు దగ్గర ఊదే మిషన్ పెట్టారు. తాగివస్తే వెనక్కి పంపుతారు, తాగనివాళ్ల హెల్మెట్‌కు పచ్చ స్టిక్కర్ అంటిస్తారు. స్టిక్కర్ లేనిదే లిఫ్టు తాళం ఇవ్వరు. మొదట మిషన్ వాచ్‌మన్ చేతిలో ఉండేది. అతను దోస్తులందర్నీ లోపలికి పంపేశాడు. దాంతో ఆఫీసు ఊడ్చే జమీలాబీకి ఇచ్చారు.

జమీలక్కను చూడాలంటే గేటు దగ్గరే చూడాలి. మనిషి మనిషికీ కొత్త పైపు బిగిస్తుంది, గొంతు పెంచదు. ఒకరోజు ఇంజనీర్ సార్ పక్కనుంచి పోబోతే, "సార్, జర ఊదుండ్రి" అంది.

"నన్నే అడుగుతున్నవా?"

"మీరు ఊదితెనే మిగిలినోళ్లు ఊదుతరు సార్."

ఊదాడు. మిషన్ అరిచింది. సార్ కారెక్కి వెళ్లిపోయాడు. ఆమె నౌకరీ పోయినట్టేనని మేమంతా అనుకున్నాం. ఆమె మాత్రం పైపు మార్చి, "తర్వాత ఎవరు?" అంది. ఆ ధైర్యానికి దండం పెట్టాలనిపించింది.

ఆడవాళ్లతో కూడా ఊదిస్తుంటే మగవాళ్లు నవ్వారు. "తట్టలు మోసేటోళ్లకెందుకు?"

"వాళ్ల పాణం పాణం గాదా?" అంది జమీలక్క. నాకు సున్నా చూపించి, "నువ్వు మంచిగున్నవ్ రుక్కమ్మా" అని స్టిక్కర్ అంటించింది. నేనెట్లా ఉన్నానో ఇంట్లో ఎవరూ అడిగింది లేదు. మాల్ కలుపుతూ ఆ రోజంతా ఆ మాటే తలుచుకున్నాను.

ఇవాళ ఆయన ఊదగానే వాసన గుప్పుమంది. "మస్తు వస్తుంది" అన్నాను.

ఆయన పరేషాన్ అయ్యాడు. "రెండుసార్లు దొరికిన. ఇంకోసారైతే లిఫ్టు పని పోతది. నువ్వు ముందుగాల పోయి ఊదు. నీ స్టిక్కర్ తీసి కంచె సందులకెల్లి నాకియ్యి. అంటించుకొని కంచె దూకి లోపలికొస్త. తట్టలు మోసేటోళ్ల హెల్మెట్ ఎవలు చూస్తరు?"

అలవాటు పడిన ప్రాణం కదా, తలూపాను. వెళ్లి ఊదాను. సున్నా వచ్చింది. జమీలక్క నవ్వుతూ స్టిక్కర్ అంటించింది. కంచె దగ్గరికి వెళ్లి, గోటితో దాని అంచు లేపాను. అవతల నుంచి ఆయన చెయ్యి వచ్చింది. "జల్దీ ఇయ్యి."

ఎదురుగా ఐదో అంతస్తు దగ్గర ఖాళీ తొట్టి తాడుకు వేలాడుతోంది. దాని కిందే నేను రోజూ నిలబడే చోటు.

లేపిన అంచును బొటనవేలితో గట్టిగా అదిమాను.

"గేటు కాడికి పోయి నువ్వే ఊదు. నేనియ్య."

"నౌకరి పోతదే!"

"నువ్వు తాగి నడుపంగ ఆ తొట్టి జారి పడితే, కింద ఉండేదెవరు?"

"ఎవలో కూలోళ్లు..." అని, నా ముఖం చూసి ఆగిపోయాడు.