కార్డులో ఇంకా ఎంతుంది?

నలభై నాలుగు జెర్సీల్లో ముప్పై ఒకటోదాన్ని నరెల్ దులిపి తీగ మీద వేస్తుంటే, వంటింటి కిటికీలోంచి డారిల్ కేకేశాడు.

“ఏమోయ్, సాస్ సీసా ఎక్కడ పెట్టావ్?”

ఎక్కడ పెడుతుంది? పెళ్ళయిన ఈ ఇరవై ఏళ్ళుగా ఎక్కడుందో అక్కడే, ఫ్రిజ్ తలుపు అరలో ఉంది. గోధుమ పొలాల్లో పోయిన బోల్టును కళ్ళు మూసుకుని వెతికి తెచ్చే మనిషికి సాస్ సీసా మాత్రం కళ్ళెదురుగా ఉన్నా కనపడదు. అయినా డారిల్ మంచివాడు. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు, నరెల్ అందరికంటే ముందు ఒప్పుకుంటుంది. చెయ్యెత్తడు, గొంతు పెంచడు, ఆమె జ్వరంతో పడుకుంటే మంచం దగ్గరికి టీ తెస్తాడు. ఆ టీ కప్పు కడగడం మటుకు జ్వరం తగ్గాక ఆమె వంతే.

జెర్సీలు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బువి. రెండు జట్లకి ఇరవై రెండేసి. శనివారం ఆట, ఆదివారం ఉతుకుడు. ఆమెకి ముందు ముప్పై ఏళ్ళు అత్తగారు డల్సీ ఉతికింది. నరెల్ కాపురానికొచ్చిన మొదటి చలికాలంలోనే క్లిప్పుల సంచీ చేతికిచ్చి, “ఇకనించి నీదేనమ్మాయ్” అంది, నగలపెట్టె అప్పగించినంత ప్రేమగా. పోయిన సెప్టెంబరులో సీజను ముగిసిన రోజు క్లబ్బు ప్రెసిడెంటు మెర్విన్ వేదిక మీదికి పిలిచి రెండు వందల డాలర్ల గిఫ్టు కార్డు చేతిలో పెట్టాడు. “ఇది నీకోసమే నరెల్, నీకోసమే ఖర్చు పెట్టుకో” అన్నాడు మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి దాన్ని వంటింటి సొరుగులో పెట్టింది. సొరుగులో పెట్టడమంటే నలుగురికీ అందుబాటులో పెట్టడమేనని అప్పుడు తోచలేదు.

దాంతో ఏం కొనాలో మాత్రం అప్పుడే అనుకుంది. ఒక స్విమ్‌సూట్. బళ్ళో చదివే రోజుల్లో ఈతలో ఆమెని దాటినవాళ్ళు లేరు. కొడుకు కైరన్ పుట్టాక ఊరి ఈతకొలను దగ్గర ఆమె ఉద్యోగం మారింది. తువ్వాళ్ళు కాపలా కాయడం, ఐస్‌క్రీములకి చిల్లర ఇవ్వడం, “అమ్మా చూడు, చూడు” అంటే చూడటం. రెండేళ్ళ కిందట ఒకసారి నేనూ దిగుతానంటే, “నువ్వు దిగితే ఈ సామాను ఎవరు చూస్తారోయ్?” అన్నాడు డారిల్ నవ్వుతూ. తనూ నవ్వింది. నవ్వినందుకు వారం రోజులు తన మీద తనకే కోపం. ఇప్పుడు కైరన్‌కి పదిహేడేళ్ళు, వాడి తువ్వాలు వాడే చూసుకుంటాడు. మార్చి సగమైపోయింది, ఇక్కడ ఎండాకాలం ముగిసినట్టే. వచ్చే ఆదివారంతో కొలను మూసేసి నీళ్ళు వదిలేస్తారు. మళ్ళీ నవంబరు దాకా లేదు. ఈ ఒక్క వారం ఆమె ఆ నీళ్ళలోకి దిగి తీరాలి. నలభై తొమ్మిదేళ్ళ ఒంటికి ఇంకా ఈత గుర్తుందో లేదో చూసుకోవాలి.

స్విమ్‌సూట్‌కి తొంభై కిలోమీటర్లు మిల్డ్యూరా పట్నం వెళ్ళాలి. ఖాళీ కార్డు పట్టుకుని అంత దూరం వెళ్ళి, కౌంటర్ దగ్గర తెల్లమొహం వెయ్యడం ఎందుకు? చేతులు తుడుచుకుని లోపలికొచ్చి సొరుగులోంచి కార్డు తీసింది. బల్ల దగ్గర డల్సీ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆదివారం భోజనం కొడుకింట్లోనే ఆవిడకి.

“కార్డు ఎవరెవరు వాడారు?” అంది నరెల్.

“నేనొక్కసారే, క్లబ్బులో శ్రమదానం జరిగిన రోజు సాసేజీలకి” అన్నాడు డారిల్, చేతిలో సాస్ సీసాతో.

“నేనూ ఒక్కసారే అమ్మా, మేజోళ్ళకి. ఒట్టు!” గదిలోంచి అరుస్తూ వచ్చాడు కైరన్.

ఒళ్ళు మండిపోయింది నరెల్‌కి. ఒక్కసారే, ఒక్కసారే అంటూ మొత్తం ఊడ్చేసి ఉంటారు. ఎంత మిగిలిందో తేలనీ, భోజనాల బల్ల దగ్గర ఇద్దరినీ కడిగేస్తాను, ఈసారి నవ్వి ఊరుకోను అనుకుంటూ కార్డు మీది అంకెలన్నీ ఫోనులో ఒక్కొక్కటే నొక్కింది. తెర మీద పడింది. మిగిలిన సొమ్ము ఆరు డాలర్ల పదిహేను సెంట్లు. కింద ఎప్పుడెప్పుడు ఎంత వాడారో వరసగా తొమ్మిది తేదీలు.

అక్టోబరులో సాసేజీలు, నవంబరులో మేజోళ్ళు. నిజంగానే ఒక్కొక్కసారి. మిగతా ఏడూ ఎవరివి? వేలు పెట్టి ఒక్కొక్క తేదీ దగ్గర ఆగింది. డిసెంబరులో క్లబ్బు పిల్లల క్రిస్మస్‌కి మిఠాయిలు, తనే. జనవరిలో డల్సీ కాళ్ళకి మెత్తటి చెప్పులు, ఆవిడ అడగలేదు, తనే కొంది. ఫిబ్రవరిలో ప్రాక్టీసు ఆటలు మొదలవగానే బట్టల సబ్బు పొడి పెద్ద డబ్బా, మరకల మందు. మళ్ళీ మరకల మందు. ఆటగాళ్ళకి నారింజపళ్ళు. మళ్ళీ సబ్బు పొడి, మళ్ళీ పళ్ళు. ఆ డబ్బు క్లబ్బు ట్రెజరర్‌ని అడగొచ్చు. పోయిన సీజనులో రసీదు చూపిస్తే, “సబ్బు తింటున్నావా ఏంటి నరెల్?” అని పదిమందిలో పకపకా నవ్వాడు. అప్పట్నించి అడగలేదు. క్లబ్బు తనకిచ్చిన బహుమతిని తనే, తన చేతుల్తోనే, క్లబ్బు జెర్సీలకి నురగ చేసి పోసింది. కడిగేద్దామనుకున్న ఇద్దరూ ఎదురుగా అమాయకంగా నిలబడి ఉన్నారు. ఎవరి మీద అరవాలి? ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి, కుర్చీలో కూలబడిపోయింది.

డల్సీ కళ్ళజోడు సర్దుకుని ఫోను చూసింది.

“ముప్పై ఏళ్ళకి నాకేమిచ్చారో తెలుసా? గిన్నెలు తుడిచే గుడ్డ. క్లబ్బు బొమ్మ వేసిచ్చారు.”

“మరి ఏం చేశారు దాన్ని?”

“ఏం చేస్తాను, గిన్నెలు తుడిచాను.” ఆవిడ దుంప పక్కన పెట్టింది. “ప్రతి ఆదివారం తిట్టుకుంటూ ఉతికేదాన్నమ్మాయ్. నువ్వు రాగానే హమ్మయ్య అనుకున్నా. నీకేదో గౌరవం అప్పగిస్తున్నట్టు మొహం పెట్టాను గానీ, నిజానికి నా మెడ మీంచి దించి నీ మెడ మీద పెట్టాను. తప్పే చేశాను.”

నరెల్ ఆవిడ తడి చేతిని పట్టుకుంది. ఈ మొండి ముసలావిడంటే తనకింత ఇష్టమని ఇన్నాళ్ళూ ఎప్పుడూ చెప్పలేదు.

“స్విమ్‌సూట్ కొనుక్కుందామనుకున్నా” అంది.

“నీకు ఆసుపత్రి వంటింట్లో జీతం రావడం లేదూ?”

“అది ఇంటి ఖర్చుకి కదా డల్సీ.”

“ఆ ఇంట్లో నువ్వు ఉండటం లేదూ? కారు తియ్యి. మిల్డ్యూరాలో ఆదివారం కూడా కొట్లు తెరిచే ఉంటాయి. నేనూ వస్తా.”

డారిల్ సాస్ సీసా పట్టుకునే నిలబడ్డాడు. “మరి దుంపలు?”

“సగం చెక్కు తీశాను, మిగతా సగం నువ్వు తియ్యరా” అంది వాళ్ళమ్మ. అతను తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, బుద్ధిగా కూర్చుని కత్తి అందుకున్నాడు. “మెల్లగా నడుపు” అన్నాడు నరెల్‌తో. అంతకు మించి ఏమన్నా అంటే బాగుండదని అతనికి తెలిసినట్టే ఉంది.

కారులో కూర్చున్నాక నరెల్ క్లబ్బు వాట్సాప్ గ్రూపు తెరిచింది. “ఈ వారం నుంచి ఎవరి జెర్సీ వాళ్ళింట్లో ఉతుక్కోవాలి” అని రాసింది. పంపబోయి ఆగింది. నలభై నాలుగు ఇళ్ళలో ఉతికేదెవరు? నలభై నాలుగు మంది అమ్మలూ పెళ్ళాలూ. తన బరువుని వాళ్ళకి పంచినట్టవుతుంది. అదంతా కొట్టేసి మళ్ళీ రాసింది.

“జెర్సీలు ఇక నేను ఉతకను. వారానికొక ఆటగాడు నంబరు వరసన మొత్తం ఉతకాలి. క్లబ్బు గదిలో మెషీను ఉంది, సబ్బు క్లబ్బు కొంటుంది. అమ్మలూ భార్యలూ చెయ్యి వెయ్యకూడదు. వచ్చే ఆదివారం ఒకటో నంబరు, మా కైరన్.”

పంపేసింది. అర నిమిషం కాకముందే మెర్విన్ జవాబు వచ్చింది. నరెల్ పైకి చదివింది.

“నరెల్, ఒంట్లో బాగోలేదా?”

డల్సీ సీటు బెల్టు లాక్కుంటూ కోడలి వైపు తిరిగింది.

“చూశావా, ముప్పై ఏళ్ళలో నన్ను ఒక్కడూ ఆ మాట అడగలేదు. ఉతకడం మానేస్తే అడుగుతారని తెలిస్తే నేనెప్పుడో మానేసేదాన్ని.”