నూరుద్దీన్ దుకాణంలో ఏడు పుస్తకాల గల్లంతు

అట్టకు పూసే మైదా లై మరీ చిక్కనైతే గ్రంథం బిగుసుకుంటుంది, మరీ పలుచనైతే విడిపోతుంది; నాగరికతలు నిలవడం, కూలడం అనే మహావిషయం ఇంతకు మించి మరేమీ కాదు. సంగారెడ్డి బజారులో ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకు జిల్దు కడుతున్న నూరుద్దీన్ స్థిరాభిప్రాయం ఇది. మనుషుల మీద మాత్రం ఆయనకు ఇంత నమ్మకం లేదు. అందుకే ఏ పుస్తకం వచ్చినా, కుట్టు విప్పేముందు అందులోని కాగితపు మడతల కట్టలను యజమాని ఎదుటే లెక్కపెట్టి, చీటీ మీద వేలిముద్ర వేయించుకునేవాడు. నిజాం కాలపు వకీళ్ళు సైతం ఆ చీటీకి తలవంచక తప్పలేదు.

ఒక్కసారి తప్పాడు. చిట్కుల్ గ్రామంలోని క్రైస్తవులకు ఉపదేశి అయిన ఓదెలు తన తెలుగు బైబిలును తెచ్చినప్పుడు, తన మతం కూడా దైవగ్రంథాలనే తౌరాతు, జబూరు, ఇంజీలు ఉన్న గ్రంథానికి వేలిముద్ర అడగడం అమర్యాద, బేఅదబీ అవుతుందని మొహమాటపడ్డాడు.

ఆ మొహమాటానికి శిక్ష 1957లో ఒక అంగడి రోజున వచ్చి బల్ల మీద కూర్చుంది. ఓదెలు తన కొత్త జిల్దు బైబిలును ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఆరుతున్న మరో బైబిలు విషయసూచిక మీద వేలు నడిపిస్తున్నాడు. అది ఇంగ్లీషుది, గుంటూరు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన కతోలిక పంతులమ్మ శౌరమ్మది. వేలు అక్కడ రెండుసార్లు, ఒళ్ళోని గ్రంథంలో రెండుసార్లు నడిచి ఆగింది.

"నూరుద్దీన్ సాబ్, పాత నిబంధనల గీ టీచరమ్మకు నలభై ఆరు పుస్తకాలున్నయ్. నాకు ముప్పై తొమ్మిదే. కడ్మ ఏడు యాడికి వోయినయ్?"

"నాకేం ఎరుక? ముందుగాల ఎన్నుండెనో నువ్వే చెప్పాలె."

"దేవుని పుస్తకాన్ని ఎవరన్న లెక్కబెడ్తరా? గని నీకిచ్చినప్పుడు నాలుగు వేళ్ళ మందముండె. గిప్పుడు మూడు వేళ్ళే. మజహర్ సాబ్ చెవుల ఏస్త గీ మాట."

నూరుద్దీన్ లై కుంచెను పక్కన పెట్టేశాడు. మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లీ మజహర్ రాబోయే జుమ్మాకు నలభై ఖురానులను జిల్దుకు పంపుతానన్నాడు. పుటలు మింగే మనిషికి ఖురాను ఎవరిస్తారు? తౌరాతు, ఇంజీలు లాంటి పాత గ్రంథాల మీద మనుషుల చేతులు పడి అవి మారిపోయాయని ఆయన చిన్ననాటి నుంచి వింటూనే ఉన్నాడు. ఆ చేతులు తనవేనని తేలబోతుందని మాత్రం ఊహించలేదు.

సరిగ్గా అప్పుడే శౌరమ్మ తన పుస్తకం కోసం వచ్చింది. ఇద్దరూ ఒకేసారి మొరపెట్టుకుంటే విని నవ్వింది.

"అయ్యో, ఉపదేశిగారూ, ఆ ఏడూ మీ దాంట్లో ఎప్పుడూ లేవండీ."

"అంటే మీరు కలిపిన్రన్నట్టు."

"మేం కలపలేదండీ. మీవాళ్ళే తీసేశారు."

"సూసినవా! తీసిన్రంట!" అని ఓదెలు నూరుద్దీన్ వైపు తిరిగాడు.

"నాలుగు వందల ఏళ్ళ కిందటి మాటండీ!" అంది శౌరమ్మ.

"అప్పటికి నా దుకాన్ లేదు," అన్నాడు నూరుద్దీన్ వెంటనే.

శౌరమ్మ బల్ల చివర కూర్చుని, పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టింది. యేసుకు ముందే, గ్రీకు మాట్లాడే యూదులు ఐగుప్తులో తమ గ్రంథాలను ఆ భాషలో పెట్టుకున్నారు. ఈ ఏడూ కూడా గ్రీకులో వాటితో కలిసి తిరిగాయి. తొలి క్రైస్తవుల్లో చాలామంది చదివింది గ్రీకే. యూదుల పెద్దలు మాత్రం చివరకు హెబ్రీ గ్రంథాల పట్టీకే నిలబడ్డారు. పోపును విడిచిన ప్రొటెస్టంట్లు, అంటే ఓదెలు వైపువాళ్ళు, ఆ పట్టీని పట్టుకుంటే, పోపు వైపువాళ్ళు ఏడూ చదివే పాత అలవాటునే సభ చేసి ఖాయం చేశారు. "ఇథియోపియా వాళ్ళకి మాకన్నా ఎక్కువున్నాయండీ," అని ముగించింది.

నూరుద్దీన్‌కు అనుమానం తీరలేదు. "షురూల ఎవ్వరు లెక్క రాసుకోలేదా టీచరమ్మా?"

"అప్పుడు అన్నీ విడివిడి తోలు చుట్టలేగా సాయిబుగారూ. ఒకే అట్టలో పెట్టి కుట్టేటప్పుడేగా, ఏది లోపల, ఏది బయట అని తేల్చాల్సొచ్చింది!"

"అయితే తప్పు జిల్దోళ్ళదే!" అని ఓదెలు తొడ చరిచాడు. "సరే, నాలుగు వందల ఏళ్ళ సంగతి నువ్వు జెయ్యలే. మరి నా నాలుగో వేలు మందం ఎటువోయింది? గది చెప్పు ముందుగాల."

పవిత్ర గ్రంథాల చరిత్ర అంతా ఆ ఒక్క వేలి ముందు ఓడిపోయింది. ఈ గుంటూరామె, ఈ ఉపదేశి ముందే మాట్లాడుకుని వచ్చారా అని నూరుద్దీన్‌కు కొత్త శంక పుట్టింది. మజహర్ ఇంటికి దారి పట్టడానికి ఓదెలు లేచి నిలబడ్డాడు.

అంగడి నుంచి మిరపకాయల మూటతో వచ్చిన అతని భార్య మొగులమ్మ గడప దగ్గరే ఆపింది.

"ఏంది, గింత గడబిడ?"

"బైబిలు పల్సగైంది. ఏందో తీసిండు గీన."

"గీనేం తీసిండు? గీ దుకానుకు తెచ్చెతందుకు సంచిల పెట్టేముందు నేనే తీసిన. పదేండ్ల సంది నువ్వు రాసి రాసి దాంట్ల కుక్కిన ప్రసంగాల కాయిదాలు. వాటితోనే అట్ట పగులవట్టె."

ఓదెలు బైబిలును గబగబా తిరగేశాడు. "యాడ వెట్టినవే వాటిని?"

"పొయ్యిల వెట్టిన," అంది మొగులమ్మ మూట దించుతూ. "చెమ్మ పట్టినయ్. సక్కగ మండలే గూడ."