పులుపు మోసిన పడవ

నేను ఒక పడవను. చిన్నదాన్ని, ముసలిదాన్ని, ఎడమ పక్క పగిలి గుగ్గిలంతో మాటు వేయించుకున్నదాన్ని. అయినా పడవనే. ఈ మాట ఇంత గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఈ మధ్య నన్ను చూసిన ప్రతివాడూ నన్ను ఇంకేదో చేద్దామనే చూస్తున్నాడు. ఒకడు పూలకుండీ అన్నాడు. ఒకడు కాళ్ళు కొట్టి బల్ల చేద్దామన్నాడు. పట్నం నుంచి వచ్చిన హోటలాయన నాలో అరిటాకులు పరిచి, కొబ్బరి మిఠాయిలు పేర్చి, అతిథుల ముందు పెడతానన్నాడు. మీ ముచ్చట్లు మీ దగ్గరే ఉంచుకోండి బాబూ. మిఠాయిలు మోయడానికి పళ్ళేలు లేవా లోకంలో?

నాది థాయిలాండ్. చావ్ ఫ్రయా నది పరుచుకున్న మైదానంలో ఒక జిల్లా. మా జిల్లా అంతా చూడాలంటే ఏ కొండో ఎక్కుదామనుకుంటారేమో, ఎక్కడానికి మాకు కొండే లేదు. ఎటు చూసినా వరి, వరికి అవతల కాలువ, కాలువకు అవతల మళ్ళీ వరి. ఊళ్ళు కాలువ గట్ల వెంబడే సాగుతాయి. ఇళ్ళు పొడవాటి గుంజల మీద నిలబడి ఉంటాయి, ఎందుకంటే వానాకాలం చివర నది ఏటా పొలాల్లోకి వస్తుంది, పిలవకపోయినా వస్తుంది. జిల్లా కేంద్రంలో బియ్యం మిల్లులున్నాయి. మిల్లుల వెనక ఊక గుట్టలే మాకున్న కొండలు.

నన్ను చేసిన వడ్రంగి, తకియన్ చెట్టును నరికే ముందు దానికి దణ్ణం పెట్టి తప్పు కాయమన్నాడు. ఆ చెట్టులో ఒక అమ్మవారు ఉంటుందనీ, చెట్టు పడవయ్యాక ఆవిడ పడవ ముక్కులోకి వచ్చి కూర్చుంటుందనీ మావాళ్ళ నమ్మకం. అందుకే ప్రతి పడవ ముక్కుకూ రంగురంగుల గుడ్డలు చుట్టి, బంతిపూల దండ వేస్తారు. ముక్కు మీద ఎవరూ కాలు పెట్టరు. ఆ గుడ్డలు విప్పడమంటే అమ్మవారిని ఇంట్లోంచి వెళ్ళగొట్టడమే. ఇన్నేళ్ళలో ఆవిడ నాకైతే ఒక్కసారీ కనబడలేదు. కానీ ఆవిడ పేరు చెప్పుకుని మనుషులు నాతో కాస్త మర్యాదగా ఉంటున్నారు గనుక నేనూ ఆ సంగతి ఎక్కడా బయటపెట్టలేదు.

మొదట నన్ను జమ్నియన్ కొనుక్కుంది. నాలోనే పొయ్యి పెట్టి, పులుసు కాచి, గట్టుగట్టుకూ ఆగి నూడుల్స్ అమ్మేది. ఆ సెగకు నా నడుము కమిలిపోయింది. అయినా ఆమె మీద నాకు కోపం లేదు, ఎందుకంటే ఆమె తన నోటితో కాలువ కాలువంతా ఏలింది. ఆమె తర్వాత గుడికి వెళ్ళాను. ఒక ముసలి భిక్షువు తెల్లవారుతూనే నాలో కూర్చుని తానే తెడ్డు వేసుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు. మెట్ల మీద కాచుకుని ఉన్న ఆడవాళ్ళు ఆయన పాత్రలో అన్నం వడ్డించేవాళ్ళు. వేడి అన్నం వాసనకు నాకే ఆకలి వేసేది, ఆయన మాత్రం అందులో సగం కుక్కలకు పెట్టేవాడు.

తర్వాత రోడ్డు వచ్చింది. రోడ్డు రాగానే ఊరు అటు తిరిగి కూర్చుంది. అప్పటిదాకా కాలువకు ముఖం పెట్టిన ఇళ్ళన్నీ కాలువ వైపు పెరటి తలుపులు పెట్టుకున్నాయి. పడవల్ని ఇళ్ళ కింద బోర్లించారు, కోళ్ళు వాటి కింద గుడ్లు పెట్టాయి. మనుషులకు ఏది కొత్తదైతే అది ముంగిలి, ఏది పాతదైతే అది పెరడు. నాకు ఆ గతి పట్టకుండా కాపాడింది లందువన్.

లందువన్ ఏభై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊళ్ళో అందరూ ఆమెను 'పా' అంటారు, అంటే పెద్దమ్మ. గుడివాళ్ళు నన్ను వదిలించుకుందామనుకున్నప్పుడు వెళ్ళి అడిగి తెచ్చుకుంది. ఎందుకంటే ఆమె పొలానికి పడవ లేకుండా వెళ్ళలేరు. అది ఊరికల్లా పల్లపు నేల. అందులో ఆమె వాళ్ళమ్మ కాలం నాటి నీటివరి చల్లుతుంది. ఆ వరి సంగతి వినండి. నీళ్ళు పెరిగితే తనూ పెరుగుతుంది. వరద ఇద్దరు మనుషుల ఎత్తు వచ్చినా తల పైకే పెడుతుంది, మునగదు. దాన్ని పడవలో కూర్చునే కోయాలి. అది నాకు నచ్చడంలో వింతేముంది? ఈ ప్రపంచంలో నాతో ఇంకా పని ఉన్నది దానికే.

మిగతా ఊరంతా పొట్టి రకాలకు మారిపోయింది. అవి తొందరగా పండుతాయి, యంత్రం వచ్చి కోసుకుపోతుంది, వెంటనే మళ్ళీ వేసుకోవచ్చు. కాకపోతే వాటికి పొలం త్వరగా ఆరాలి. ఒక ఏడు వరద ఇంకా నిలబడి ఉండగానే ఊరి పెద్ద థవిన్ మీటింగు పెట్టాడు. పల్లపు పొలాల తూము పలకలు లేపేసి, నీళ్ళు కాలువలోకి వదిలేద్దామన్నాడు. థవిన్ చెడ్డవాడేమీ కాదు, నలుగురి పంట బాగుండాలని తాపత్రయపడేవాడే. అప్పటికి లందువన్ వరి పొట్ట మీద ఉంది. కింద నీళ్ళు తీసేస్తే అంత పొడుగు కాడలు నిలబడలేవు, కుప్పకూలి తాలు మిగులుతుంది. తాలు విత్తనం కాదు. ఆ రకం విత్తనం చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఆ వారం తూము తెరిస్తే ఆ వరి వంశం అక్కడితో సరి.

"నీ ఒక్కదాని కోసం ఊరంతా ఆగాలా పా?" అన్నాడు థవిన్.

"నాకోసం ఎందుకురా? కడుపుతో ఉందది. నిండు చూలాలిని లేచి పరిగెత్తమంటావా నువ్వు?"

మగాళ్ళంతా నవ్వారు. నవ్వి, శుక్రవారం పొద్దున తూము తెరుద్దామని తీర్మానించారు.

ఆ నవ్వులోనే వాళ్ళు పొరపాటు చేశారు. మా వైపు వరి పొట్ట మీదున్నప్పుడు శుక్రవారం పూట ఆడవాళ్ళు పొలానికి వెళ్ళి దానికి వేవిళ్ళ కోరికలు తీరుస్తారు. పుల్లటి కాయలు పెడతారు, దువ్వుతారు, పౌడరు రాస్తారు, అద్దం చూపిస్తారు. యంత్రాలు వచ్చాక చాలామంది మానేశారు. మానేసినవాళ్ళే గనుక ఏ వారం పడిందో కూడా చూసుకోలేదు.

శుక్రవారం పొద్దున లందువన్ పుల్ల మామిడికాయలు, చింతకాయలు, నారింజలు, దువ్వెన, అద్దం, పౌడరు డబ్బా నాలో పెట్టింది. ఎప్పుడూ పొలం నడిమికి వెళ్ళేవాళ్ళం. ఆ రోజు ఆమె తెడ్డు తూము వైపు తిప్పింది. నాకు అర్థమైంది, ఒళ్ళంతా ఉప్పొంగింది. నన్ను తీసుకెళ్ళి, పలకలు లేపడానికి వీల్లేకుండా తూము నోటికి అడ్డంగా బిగించి, తూముకు రెండు పక్కలా ఉన్న గుంజలకు తాడు కట్టింది. ముడి ఎక్కడ వేసిందనుకున్నారు? సరిగ్గా నా ముక్కు మీద, ఆ రంగుగుడ్డల కింద వేసింది. తర్వాత తూము పక్కన ఉన్న వరి ఆకుల్ని దగ్గరకు తీసుకుని దువ్వడం మొదలుపెట్టింది.

"తిను తల్లీ, పుల్లపుల్లగా తిను. గాలొచ్చినా భయపడకు, మనిషొచ్చినా భయపడకు. నేనున్నాగా."

మనుషులు రానే వచ్చారు, ఇనప కొక్కేలు పట్టుకుని. వాళ్ళ వెనక ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి గట్టు మీద గుమిగూడారు.

"పడవ తియ్ పా," అన్నాడు థవిన్.

"నువ్వే తియ్."

అతను ముడి చూశాడు. తనతో వచ్చినవాళ్ళ వైపు చూశాడు. ఒకడు చెప్పు సర్దుకుంటున్నాడు, ఒకడు ఆకాశంలో కొంగల్ని చూస్తున్నాడు. "ఉట్టి గుడ్డలేగా," అని గొణుక్కుంటూ తనే వంగి చెయ్యి చాచాడు. నేను పుట్టాక అంత భయం ఎప్పుడూ పడలేదు. అమ్మవారూ, ఉంటే ఇప్పుడుండు, అని మొదటిసారి మొక్కుకున్నాను.

"థవిన్! ఇవాళ ఏం వారంరా?"

గట్టు మీద నుంచి అరిచింది వాళ్ళమ్మ చెమ్. అతని చెయ్యి గాల్లోనే ఆగింది.

"శుక్రవారమమ్మా."

"శుక్రవారం చూసుకుని మరీ బయల్దేరావా చూలాలి మీదకి? నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మమ్మ బుట్టెడు పుల్లకాయలు తెచ్చింది. సగం పొలానికి పెట్టింది, సగం నాకు పెట్టింది. ఆ సగం తినే పుట్టావు నువ్వు. ముట్టుకో, ఎలా ముట్టుకుంటావో నేనూ చూస్తా."

అని ఊరుకోలేదు. గట్టు దిగి, ఆసరా కూడా అడక్కుండా నాలోకి ఎక్కి లందువన్ ఎదురుగా కూర్చుని, దువ్వెన అందుకుంది. ఇద్దరి బరువుకూ, తూము పలకల ఒత్తిడికీ నా ఎడమ పక్క టప్పుమని పగిలింది. నీళ్ళు లోపలికి ఊరాయి. లందువన్ మామిడికాయలు ఒళ్ళోకి తీసుకుంది తప్ప లేవలేదు. చెమ్ కాళ్ళు తడిశాయి, ఆవిడా లేవలేదు. నాకు ప్రాణం పోయేంత నొప్పి. ఇద్దరు ముసలాళ్ళు కదలనప్పుడు నేనెందుకు కదులుతాను?

థవిన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మవారికి జడిశాడో, అమ్మకు జడిశాడో నాకు తెలియదు. గింజ గట్టిపడేదాకా తూము తెరవొద్దని తనవాళ్ళతో చెప్పి, లందువన్ వైపు తిరిగాడు.

"ఇదే ఆఖరి పంట పా. ఒప్పుకో."

"ముందు దీని పురుడు కానీరా. తర్వాతి మాట తర్వాత," అంది లందువన్.

పంట మామూలుగానే పండింది, అద్భుతాలేమీ జరగలేదు. ఊరివాళ్ళకు విత్తనం వేయడం ఆలస్యమైంది, చాలామంది ఆమెతో మాట్లాడటం మానేశారు. అది ఆమెను బాధపెట్టింది, రాత్రుళ్ళు ఎవరికీ తెలియనివ్వకుండా ఏడ్చింది కూడా. కానీ విత్తనం బుట్ట మాత్రం నిండా కట్టి అటక మీద పెట్టింది.

ఎండాకాలం పోతూ ఉండగా, వానలు ఇంకా పడకముందే, ఆమె నా పగులుకు మాటు వేయించి, చేతి ట్రాక్టరుకు కట్టి పొలం గట్టుకు లాక్కొచ్చింది. నేల దుమ్ము రేగుతోంది. కాలువ అడుగున మట్టి బీటలు వారి ఉంది. ఆమె బుట్ట చంకనెత్తుకుని ఆ దుమ్ములోనే విత్తనం చల్లడం మొదలుపెట్టింది. దారిన పోతున్న థవిన్ మోటారుసైకిల్ ఆపాడు.

"పా, కాలువలో చుక్క నీళ్ళు లేవు. అప్పుడే పడవెందుకు?"

"నీళ్ళొస్తాయిలే."

"నీళ్ళతోపాటు మేమూ వస్తాం మళ్ళీ, కొక్కేలు పట్టుకుని."

"రండి," అంది లందువన్, చల్లడం ఆపకుండా. "కూర్చోడానికి ఇందులో చోటుంది."