పదిమందికీ ఒకే గ్రైండరు

మినప్పప్పు సగం నలిగేసరికి గ్రూపు ఆడవాళ్లు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. చెంచులక్ష్మి గ్రైండరు ఆపేసింది.

గ్రూపు లోనుతో ఈ గ్రైండరూ, ఒక తోపుడు బండీ కొని, మార్కాపురం పలకల కార్ఖానాల దగ్గర ఇడ్లీలు అమ్మేది ఆమె. మొదట్లో బాగానే సాగింది. తన చేతి సంపాదన అంటూ ఒకటి ఉన్నందుకు మురిసిపోయింది కూడా. తర్వాత రెండు కార్ఖానాలు మూతపడ్డాయి. ప్లేటు ఇరవై రూపాయలంటే కొనే కూలీలే లేరు. లోను కంతులు రెండు కట్టలేకపోయింది.

ఒకరు కట్టకపోతే మిగతావాళ్లంతా ఆ ఇంటి ముందు కూర్చోవాలి. డబ్బు వచ్చేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. అది గ్రూపు కట్టుబాటు. చెంచులక్ష్మీ ఇంతకుముందు ఇద్దరి వాకిళ్లలో అలాగే కూర్చుంది. అందుకే ఇప్పుడు ఆమెకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. పిండి చేతులతో అలా నిలబడిపోయింది.

మధ్యాహ్నానికి లోను ఇచ్చిన కంపెనీ ఉద్యోగి సందీప్ వచ్చాడు.

“ఆ గ్రైండరు అమ్మేస్తే రెండు కంతులూ తీరిపోతాయి గదక్కా.”

“రేపు ఇడ్లీ దేంతో ఎయ్యాల సారూ?” అంది చెంచులక్ష్మి.

గ్రూపు లీడరు పద్మావతి కొంగు దోపుకుని లేచింది. “పొద్దున్నించి మా పిలకాయలు పస్తుండారు లచ్చిమీ. నీ బదులు మేమెక్కడ కట్టేది? ఫెబీ, ఆ పక్క పట్టు.”

గ్రూపులోని ఫెబీ కూడా లేచింది. ఇద్దరూ లోపలికి వెళ్లి గ్రైండరును గడప దాకా తెచ్చారు. అక్కడ ఫెబీ ఆగింది.

లోను తీసుకున్నాక ఏం వ్యాపారం పెట్టారో ఫోటో కావాలంది కంపెనీ. మిగతావాళ్ల డబ్బు ఆసుపత్రులకూ, నీళ్లు పడని బోర్లకూ పోయింది. దాంతో చీరలు సర్దుకుని ఒకరి తర్వాత ఒకరు ఈ గ్రైండరు పక్కనే నిలబడ్డారు. ఆ రోజు ఎంత నవ్వుకున్నారో!

“నేను మొయ్యనక్కా,” అంది ఫెబీ.

“ఏందే?”

“నా ఫోటోలో ఉండేదీ ఇదే, నీ ఫోటోలో ఉండేదీ ఇదే. ఈ సందీప్ సారే ఆ ఫోటోలు తీసినాడు. మన పదిమందిలో బతికిన యాపారం ఇదొక్కటే. దీన్ని గూడ మన చేతుల్తోనే ఈడ్చుకుపోవాల్నా?”

సందీప్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “అవన్నీ ఇప్పుడెందుకు? కంతు సంగతి చూడండి.”

“నేను ఇంటికి పోతాండా. ఇంక ఎవురి వాకిట్లోనూ కూసోను.” ఫెబీ చెయ్యి తీసేసి, వాకిలి దాటి వెళ్లిపోయింది.

గ్రైండరు గడప మీద ఒక పక్కకు ఒరిగింది. పిండి జారి మెట్ల మీద పడుతోంది. రెండో పక్క పట్టుకున్న పద్మావతి వెనక్కి తిరిగి, “ఎవురన్నా రాండే,” అంది.

ఎవరూ లేవలేదు.