పట్టినోళ్ల పేరు

రోజూ పొద్దుగాల తొమ్మిదింటికి ఖాదర్ జనగామ పరిశోధన కేంద్రంల పురుగుల అర్ర తాళం తీస్తడు. అద్దాల పెట్టెలల్ల సూదులకు గుచ్చిన పురుగులను చిన్న పట్టకారుతోని ఒక్కొక్కదాన్నే మళ్ల వరుసకు తిప్పుతడు. చచ్చిన పురుగులు తమను పట్టినోళ్లు ఎటుంటే అటు తలకాయ తిప్పుతయి మరి. రిటైరై హన్మకొండల ఉంటున్న ఓ సారు పట్టిన సీతాకోకచిలుకలన్ని తెల్లారేసరికి హన్మకొండ దిక్కే చూస్తుంటయి. "జర సీదా ఉండున్రి బేటా," అనుకుంట ఖాదర్ తన పని చేసుకుంటడు.

ఆ పొద్దు ఆయన పట్టకారు అందుకోకముందే కళావతి ఉరికొచ్చింది. ఏడేండ్ల సంది అండ్ల కాంట్రాక్టు మీద పనిచేసే సైంటిస్టు. మిరప తోటలను బుగ్గి చేసిన నల్ల తామర పురుగును తినే కొత్త అక్షింతల పురుగు మీదనే ఆమె పరిశోధనంత. గా పురుగుల పెట్టె ముంగట నిలవడి చూస్తే, నలభై చీటీల మీద 'పట్టినవారు' అన్నకాడ డైరెక్టర్ సారు పేరున్నది.

"గిదేంది ఖాదర్ భాయ్? నేను రాసిన చీటీలేవి?"

"నిన్న సారు మార్పిచ్చిండమ్మా. కదలకుంట వాటి కాళ్లకు గోందు జిగురు గూడ పెట్టిచ్చిండు."

సిగ్గుండాలె మనిషికి! ఏసీ గది దాటి కాలు బయట పెట్టనోడు పురుగు పట్టిండట! కళావతి మండిపడ్డది. ఆ పొద్దే హైదరాబాదు నుంచి కమిటీ వస్తున్నది. పురుగు ఆమెదని తేలితే పర్మినెంటు పోస్టు. తేలకుంటే ఈ యేడుతోని వయసు దాటిపోతది, మళ్ల అప్లికేషన్ పెట్టే మోకా గూడ లేదు.

పదకొండింటికి కమిటీ పురుగుల అర్రలనే కూసున్నది. సారు గొంతు సవరించుకున్నడు. "ఐదు సీజన్లు ఎండనక వాననక తిరిగి పట్టానండి."

"అబద్ధం!" కళావతి లేచి నిలవడ్డది. "గోందు తీపియ్యిన్రి మేడం. అవే చెప్తయి."

"అంతే కదా, తీస్తే తెలిసిపోతుంది," అన్నది కమిటీ పెద్దామె.

ఖాదర్ తడి దూదితోని గోందు తుడిచిండు. పురుగులు కదిలినయి. సారును దాటినయి. కళావతి మెడ సాచి చూస్తున్నది. ఆమెను గూడ దాటి నలభైకి నలభై తలుపు దిక్కు తిరిగి ఆగినయి.

తలుపుకాడ ఒకామె గంప పట్టుకొని ఉన్నది. కమిటీకి చూపెట్టనీకి పెద్దవంగర కాడి తండ నుంచి పచ్చి మిరప కొమ్మలు తెచ్చింది. కళావతి ఏడేండ్లు ప్రయోగాలు చేసింది ఆమె చెలకలనే.

ఆ పెట్టెల పురుగులు ఎప్పుడు సూడు తెల్లారేసరికి తూర్పుకే తిరిగేవి. తన అద్దె ఇల్లు తూర్పుకే ఉన్నదని కళావతి మురిసింది. పెద్దవంగర గూడ అటే ఉన్నదని ఒక్కనాడు గూడ అనుకోలే.

సారు పకపక నవ్విండు. "చూశారా? ఈవిడవీ కాదు!"

"మీరు కూర్చోండి," అన్నది పెద్దామె. కళావతి దిక్కు తిరిగి, "చీటీలు సరిచేయండి. కానీ అప్పుడు మీ అప్లికేషన్ నిలవదు, తెలుసు కదా?" అన్నది.

"తెలుసు మేడం." కళావతి పెన్ను తీసుకున్నది. రాయబోయి ఆగింది. ఏడేండ్ల సంది ఆమెను 'ఓ అమ్మా' అని పిలుసుడే. సారు మీద గంత మండిపడ్డ మనిషి పెన్ను చేతుల పట్టుకొనే తలుపు దిక్కు తిరిగింది.

"నీ పేరేందమ్మా?"

ఆమె గంప దబ్బున కింద పెట్టింది. "ఏడేండ్లు నా రొట్టె తిన్నవ్. నీకు పురుగులు కావాలంటే నడుమొంగి ఆకు ఆకు తిప్పి పట్టిచ్చిన. మందు కొడితే గది చస్తదంటివి, కొట్టకుంట సగం తోట పోగొట్టుకున్న. ఇయ్యాల అడుగుతున్నవా పేరు?"

కళావతి మొదటి చీటీ ముంగటికి గుంజుకున్నది.

"బానోత్ గంగి. రాయి. అన్నిటి మీద రాయి."

కళావతి నలభై చీటీలు రాసింది. గంగికి చదువు రాదు. ఆమె ఖాదర్‌ను పిలిచి ఒక్కొక్కటి పైకి చదువుమన్నది. ఎనిమిదో చీటీకాడ సారు కుర్చీల నుంచి మెల్లగ లేచి తలుపు దిక్కు నడువబోతే, "ఇంక అయిపోలే సారు, ఆగు," అన్నది గంగి. నలభై అయ్యేదాక సారు నిలవడే ఉన్నడు.

పోస్టు కళావతికి రాలే. ఆ పురుగు మీది కొత్త ప్రాజెక్టు గంగి చెలకలకే పోయింది, అండ్ల ఎవరిని పనికి పెట్టుకోవాల్నో గంగే చెప్పాలె. కళావతి ఇప్పటికి మూడుసార్లు పెద్దవంగర బస్సెక్కి పోయి తనను పెట్టుకొమ్మని అడిగింది.

"చూస్త," అన్నది గంగి.