బొద్దు పడవ, సన్న పడవ

రెండు పడవలనూ ఒడ్డున పక్కపక్కనే దిమ్మల మీద నిలబెట్టారు. రెండూ పాతవే, తెరచాప పడవలే, పొడవులోనూ ఇంచుమించు సమానమే. పోలిక అంతటితో సరి. ఒకటి బొద్దుగా, వెడల్పుగా, భోంచేసి కూర్చున్న పెద్దావిడలా ఉంది. రెండోది సన్నగా, కోసుగా, ఎక్కడికో తొందరపడుతున్నట్టుంది. దర్జీ పని చేసుకునే ఆమెకు మొదటిది నచ్చింది. మొగుడికి ఏది నచ్చిందో వేరే చెప్పాలా? ఆదివారం వస్తే చాలు, ఎవరెవరి పడవల్లోనో పందేలకు తాళ్ళు లాగడానికి పోయే మనిషి.

అద్దె ఇల్లు వదిలేసి పడవలోనే కాపురం పెట్టాలన్న ఆలోచన ఇద్దరిదీ. సెలవుల్లో తీరం వెంబడి ఊళ్ళు తిరగాలి, ఆదివారాలు ఆయన పందేలాడాలి, మిగతా రోజులు ఆమె అందులోనే మిషను కుట్టుకోవాలి. మూడింటికీ సరిపోయే పడవను ఇంకా ఎవరూ చేయలేదు కాబట్టి ఎవరో ఒకరు సర్దుకోక తప్పదు. బొద్దు పడవలో నిటారుగా నిలబడొచ్చు, వంటగట్టు ఉంది, మిషనుకు బల్ల ఉంది, పెద్ద అలల్లోనూ నిమ్మళంగా పోతుంది. కాకపోతే గాలి పల్చగా ఉన్న రోజున నత్తనడకే. సన్న పడవ చిన్న గాలికే పరుగందుకుంటుంది గానీ లోపల నడుం వంచకుండా తిరగలేం. మిషను పెడితే మనిషికి చోటుండదు, మనిషి కూర్చుంటే మిషనుకుండదు.

ఆయన కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, చివరికి రోజంతా ఉండేదానివి నువ్వే కదా, నీ ఇష్టమే నా ఇష్టం అన్నాడు. ఆమె మురిసిపోయింది. కొలతలు తీసుకుని బొద్దు పడవ పరుపులకు గలీబులు కూడా కుట్టేసింది, పిచ్చిది.

బేరం ఖాయం చేసుకునే రోజు ఆయన ఆమెను ఆ పడవ పక్కకు తీసుకెళ్ళాడు. పాత పడవ కొనేముందు చిన్న సుత్తితో ఒళ్ళంతా తట్టి చూస్తారు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల నీరు పట్టి కుళ్ళినచోట దబ్బుమంటుంది. ఆయన సుత్తిని ఆమె చేతికే ఇచ్చి ఒకచోట కొట్టించాడు. టక్కుమంది. ఇంకాస్త వెనక్కి జరిపి కొట్టించాడు. దబ్బుమంది.

"నీ చెవులతో నువ్వే విను," అని నిట్టూర్చాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయనే దగ్గరకు తీసుకుని ఓదార్చాడు, కళ్ళు తుడిచాడు. ఇల్లు ఖాళీ చేస్తామని అప్పటికే చెప్పేశారు, ఇంకేం చేస్తారు, సన్న పడవ కొన్నారు.

ఏడాది తిరిగింది. ఆ గూట్లో ఆమె వంగి వంగి బతికింది. మిషను అటకెక్కింది, ఎప్పట్నుంచో వస్తున్నవాళ్ళు వేరే దర్జీలను చూసుకున్నారు, గుండీలూ చేతికుట్లూ మాత్రం మిగిలాయి. అయినా పల్లెత్తు మాటనలేదు. పడవ కుళ్ళిపోతే ఆయనేం చేస్తాడు? ఆయన గెలిచిన కప్పులు పెట్టడానికి మాత్రం ఎలాగోలా చోటు దొరికింది.

పెద్ద పందెం ముందు అడుగుకు రంగు వేయాలని పడవను మళ్ళీ ఒడ్డుకెక్కించారు. ఆయన డ్యూటీకి పోయాడు. ఆమె కింద నిలబడి నాచు గీకుతూ, ఊసుపోక చేతిలోని పనిముట్టు పిడితో తట్టింది. టక్కు, టక్కు, దబ్బు. ఇదీ కుళ్ళిందా? పరుగున వెళ్ళి యార్డు మేస్త్రీని పిలుచుకొచ్చింది. మేస్త్రీ ఒకసారి తట్టి నవ్వేశాడు.

"అక్కడ లోపల నీళ్ళ ట్యాంకుందమ్మా. నిండుగా ఉంటే ఏ పడవైనా అంతే. మీవారికి తెలుసుగా. బేరం రోజు మీరు వచ్చే ముందు ఆ వెడల్పు పడవ ట్యాంకు పైపు పెట్టి నింపింది ఆయనే. కారుతుందేమో చూస్తానన్నారు."

ఆ పడవ ఎలా ఉండేదని అడిగింది. రాయిలా ఉండేదట. ఎవరో మొగుడూపెళ్ళాలు కొనుక్కుని హాయిగా తిరుగుతున్నారట.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధమాడితే ఆడాడు, ఆ సుత్తి తన చేతికెందుకివ్వాలి? తనకు కావలసిన ఇంటిని తన చేతే కాదనిపించాడు. ఆపైన ఓదార్చాడు కూడా. ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చానని తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

సాయంత్రం ఆయన నిచ్చెనెక్కి పైకి రాగానే అడిగేసింది. మొదట బుకాయించాడు. మేస్త్రీ మాట ఎత్తేసరికి తల దించుకున్నాడు.

"నాకు ఈ పడవే కావాలంటే నువ్వు ఒప్పుకునేదానివా?" అన్నాడు.

"అడిగుంటే ఒప్పుకునేదాన్ని."

అది నిజం. నిజమని ఆయనకూ అర్థమైంది. ముఖం విప్పారింది.

"అయితే ఇంకేం? ఎలా చూసినా మనకి ఇదే వచ్చేది కదా."

ఆయన అంత తేలికపడటం చూశాక ఆమెకు మిగిలిన కాస్త ఆశ కూడా పోయింది. విసురుగా వెళ్ళి తలుపేసుకుందామంటే ఆ పడవలో తలుపున్న గదే లేదు. కిందికి దిగమంది. నడుస్తూ మాట్లాడుకోవడానికేమో అనుకుని ఆయన ముందు దిగాడు. ఆమె నిచ్చెన పైకి లాగేసింది. అల్యూమినియంది, తేలిగ్గానే వచ్చింది.

ఆయన కింద నిలబడి కాసేపు నవ్వాడు, కాసేపు బతిమాలాడు. చివరికి ఎప్పటిదాకా ఇలా అని అడిగాడు.

"తెలీదు. తెలిశాక చెప్తాను," అంది. "నేనయితే నిజమే చెప్తాను."